ఒరిగిన రాయి

పర్ణశాలకు వచ్చేవాళ్ళకు నేను చూపించేవి ఎక్కువగా రాళ్ళే. సీతమ్మ నారచీర ఆరేసుకున్న రాయి, పసుపు రాయి, కుంకుమ రాయి. భద్రాచలంలో దర్శనం చేసుకుని నా ఆటో ఎక్కినవాళ్ళు వాగు దగ్గర దిగి, రాతి మీది చారలు చూసి దండం పెట్టుకుంటారు. కొందరు మాత్రం నా వైపు తిరిగి, ఇవి నిజంగా చీర గుర్తులేనా అని అడుగుతారు. ఆటో అద్దానికి వేలాడే చిన్న సిలువను చూసి మరీ అడుగుతారు. ఇన్ని తరాల మనుషులు వంగి చూసిన రాయి ఉత్త రాయి ఎట్లా అవుతుందని నేను జవాబు చెప్పేవాణ్ణి. ఆ జవాబు నాకు నచ్చేది. పోయిన ఎండాకాలం నుంచి అది నోటికి రావడం లేదు. ఎవరైనా అడిగితే, చూసుకోండి అని ఊరుకుంటున్నాను.

పోయిన ఏడు మార్చిలో ప్రమీలారాణి మేడం నా ఆటో ఎక్కారు. పాత కట్టడాల శాఖలో పనిచేస్తానని, ఈ అడవి పక్క ఊళ్ళలో జనం వచ్చి చూడదగ్గ చోట్లు ఏమున్నాయో తెలుసుకుంటూ తిరుగుతున్నానని తోవలో చెప్పారు. భద్రాచలం గుడి, పర్ణశాల, కిన్నెరసాని, పాపికొండల లాంచీలు అందరికీ తెలిసినవే, ఎవరికీ తెలియనిది ఏదైనా ఉంటే చూపించమన్నారు. నాకు వెంటనే మా సమాధుల దొడ్డి మనసులోకి వచ్చింది. ఆ నెలంతా మా ఇంట్లో ఇంకో మాట లేదు మరి.

మా ఊరు రాళ్ళగుంపు. పర్ణశాల తోవ నుంచి అడవి వైపు మళ్ళితే, టేకుచెట్లు మొదలయ్యే దగ్గర ఉంటుంది. ఊరి వెనక గట్టు మీద రాకాసి గుళ్ళు అని మేము పిలిచే రాతి గదులు కొన్ని ఉండేవి. నాలుగు బండలు నిలబెట్టి పైన ఒక బండ కప్పినట్టు ఉంటాయి. చాలావాటి కప్పుబండలు ఎప్పుడో రోడ్ల కంకరలో కలిసిపోయాయి. వాటి నడుమ ఒక రాయి, అచ్చం సిలువ ఆకారంలో, మా అమ్మ ఎత్తున ఉండేది. ఒక పక్కకు బాగా ఒరిగి ఉండేది. మా తాతల కాలంలో మా వాళ్ళు ప్రభువును నమ్ముకున్న కొత్తలో, అడవిలో తమకంటే ముందే వచ్చి నిలబడ్డ ఆ సిలువను చూసి, పోయినవాళ్ళను దాని చుట్టూ పెట్టడం మొదలుపెట్టారట. మా నాయన ఆదాము అక్కడే ఉన్నాడు. ఆయన పక్కన మా అమ్మ పుల్లమ్మ చిన్న చిన్న రాళ్ళు పేర్చి తనకూ జాగా పెట్టుకుంది.

ఎత్తిపోతల కాలువకు కొలతలు ఆ దొడ్డి మీదుగా వేశారు. ఎర్రరంగు పూసిన హద్దురాయి ఒకటి సరిగ్గా నాయన కాళ్ళ దగ్గర నాటారు. ఊరివాళ్ళం ఆఫీసుకు పోయి అడిగాం. కాలువ పక్కకు జరగాలంటే గట్టి కారణం కావాలి, కొన్ని సమాధుల కోసం జరగదు, కావాలంటే వాటినే వేరే చోటికి మార్చుకోండి అన్నారు. వాళ్ళ మాటలో తప్పు పట్టడానికి లేదు. కాలువ వస్తే పక్క తండా దేవ్లన్న మిర్చి తోటకు నీళ్ళొస్తాయి, మా రెండెకరాలకూ వస్తాయి. కాని అమ్మ ఆ రోజు నుంచి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది.

మేడం ఆ రాయిని చూడగానే బ్యాగు కింద పెట్టేశారు. చుట్టూ తిరిగారు, మోకాళ్ళ మీద కూర్చుని మొదలు చూశారు, ఫోన్లో ఫోటోలు తీసుకున్నారు. అమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి పక్కన నిలబడి రాయి ముచ్చట చెప్పసాగింది. ప్రభువు సిలువ మోస్తూ తూలిపడ్డాడు కదా, అందుకే ఇదీ ఒరిగి ఉంటుందట. అందుకే ఇన్నేళ్ళలో దీన్ని నిలబెడదామని ఎవరూ చెయ్యి వెయ్యలేదట. మేడం మజ్జిగ తాగి, చెప్పనా వద్దా అన్నట్టు నా వైపు చూశారు. తరువాత అమ్మను పక్కన బండ మీద కూర్చోబెట్టుకున్నారు.

"అమ్మా, ఇది ఏసుప్రభువు పుట్టకముందు రాయి. వెయ్యేళ్ళు ముందుదైనా కావచ్చు. ఇది సిలువ కాదు, మనిషి. ఇదిగో తల, ఇవి చేతులు. ఇక్కడ ఎవరినో పెట్టి, ఆ మనిషికి గుర్తుగా దీన్ని నిలబెట్టారు."

అమ్మ ఈస్టర్ ముందు వచ్చే శ్రమల దినాల ఉపవాసంలో ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ రాయి ముందు మోకరించిన మనిషి. ఆమె లేచి రాయి దగ్గరికి పోయి, ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు కిందికీ మీదికీ చూసింది.

"మనిషా? పేరేంది మరి?"

"తెలియదమ్మా. రాసిపెట్టడానికి అప్పటికి ఇక్కడ అక్షరాలే లేవు."

"ఆడామెనా, మొగాయనా?"

అదీ తెలియదని మేడం నవ్వారు.

"మొగాయనే," అంది అమ్మ. "గిన్నేండ్లు ఎండల గట్లనే నిలబడ్డడంటే మొగాయనే. ఆడామె అయితే ఎప్పుడో నీడకు పోయి కూసునేది."

అప్పుడు మేడం అసలు సంగతి చెప్పారు. ఇట్లాంటి మనిషి రాళ్ళు గోదావరి ఒడ్డున ఏవో కొన్ని చోట్లనే ఉన్నాయట. ఇది మూడు వేల ఏళ్ళుగా నాటిన చోటే ఉంది కాబట్టి, దీన్ని రక్షిత స్థలంగా రాయించడానికి వీలుంటుందట. అట్లా రాస్తే కాలువ చుట్టు తిరిగిపోక తప్పదు. ఈస్టర్ పండుగ అయ్యాక తన పై అధికారిని తీసుకొస్తానన్నారు. పోయేముందు అమ్మ రెండు చేతులూ పట్టుకుని, "అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దమ్మా. ఉన్నది ఉన్నట్టే ఉండాలి," అన్నారు. అమ్మ తల ఊపింది. ఆ రాత్రి కంచంలో అన్నం మిగల్చలేదు.

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన అమ్మే చేస్తుంది. నేనూ, నా భార్య బ్లెస్సీ తలలు వంచుకుని కూర్చుంటాం. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళనూ, పరీక్షలు రాసే పిల్లలనూ పేరు పేరునా తలుచుకున్నాక, చివర్న పోయినవాళ్ళ పేర్లు చెప్పి వాళ్ళ నెమ్మది కోసం అడగడం ఆమె అలవాటు. ఆ వారం నుంచి ఆ పేర్ల చివర ఇంకొకటి చేరింది. "పేరు తెల్వని ఆ పెద్దాయన," అనేది.

బ్లెస్సీ మొదటిరోజు నవ్వు ఆపుకోలేకపోయింది. "మామయ్య పక్కపొంటి ఇంకో మొగాయన ఉన్నడని ఇన్నేండ్లకు బయటపడ్డది. జాగా మార్చుకుంటవా అత్తమ్మా?" అంది.

"నోర్ముయ్యే. ఇద్దరి నడుమ పండుకుంట. ఇద్దరు సుత మాట్లాడరు, నాకే నిమ్మళం."

ఆదివారం మా పాస్టరు అయ్యగారికి ఈ సంగతి తెలిసింది. ఆయన మంచివారు, కసురుకోలేదు. ప్రభువు రాకముందే పోయినవాళ్ళ సంగతి దేవుడే చూసుకుంటాడు, అది మనం అడగాల్సింది కాదు అని మెల్లగా చెప్పారు. అమ్మ ఆయనకు ఎదురు చెప్పలేదు. దేవుడు చూసుకుంటాడని తనకూ తెలుసని, ఎవరూ యాది చేయని మనిషిని తాను యాది చేస్తున్నానని, అంతేనని అంది. తిరిగి వస్తుంటే నేను ఆ మాటే ఆలోచించాను. పేరు లేనివాళ్ళ కోసం మనం అడిగితే పైన ఎవరికి అందుతుంది? నాకు తెలియదు. కాని అమ్మ అడుగుతుంటే అందుతున్నట్టే ఉండేది.

ఆమెను పట్టిన ఆలోచన వేరే. ఒక రోజు చింతపండు పిసుకుతూ ఉన్నట్టుండి అడిగింది, మరి ఆ పెద్దాయన ఎందుకు ఒరిగాడని. గొడ్లు ఒళ్ళు రుద్దుకుంటాయని, వానలకు రాయి మొదలు దగ్గర మట్టి జారిందని, మేడం చెప్పిన కారణమే చెప్పాను.

"అంటే ఎవ్వరు వంచలే. పడిపోతున్నడు."

"పడిపోడమ్మా. మూడు వేల ఏండ్లు ఆగిండు."

ఆమె మళ్ళీ చింతపండు మీదికి వంగింది. నేను ఆ సంగతి మరిచిపోయాను. శ్రీరామనవమి దగ్గర పడింది. కల్యాణానికి వచ్చే జనంతో భద్రాచలంలో అడుగు పెట్టే చోటు ఉండదు. ఆ రోజుల్లో ఇంటికి రావడం, స్నానం చేసి మళ్ళీ ఆటో తీయడమే సరిపోయేది. నవమి అయిపోయినా సెలవులకు వచ్చినవాళ్ళు పర్ణశాలకు వస్తూనే ఉన్నారు. ఈస్టర్ ముందటి శనివారం, మధ్యాహ్నానికి ముందే బేరం వదులుకుని ఊరికి బయలుదేరాను. ఆ రోజు మాకు సమాధులకు సున్నం వేసే రోజు. కలుపు పీకి, మట్టి ఎగదోసి, సున్నం కొట్టి, మర్నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని పోతాం.

గట్టు దగ్గరికి వచ్చేసరికి దేవ్లన్న ట్రాక్టరు కనబడింది. దాని వెనక గొలుసు. గొలుసు రెండో కొస రాయి నడుముకు చుట్టి ఉంది. రాయికి గీతలు పడకుండా ముందు గోనెసంచులు, వాటి మీద అమ్మ పాత నేతచీర చుట్టారు. రాయి మొదలు చుట్టూ మట్టి తీసేసి ఉంది. ఒక పక్కన సిమెంటు బస్తా, ఇసుక, కంకర. ఊరు ఊరంతా అక్కడే ఉంది.

నేను ఆటో దిగి పరుగెత్తాను. మేడం ముట్టుకోవద్దన్నారు కదా అని అడిగాను.

"పాడు చెయ్యొద్దన్నది," అంది అమ్మ. "మనం పాడు చేస్తున్నమా?"

"ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నది."

ఆమె నా వైపు తిరిగింది. ఎండకు ముఖం ఎర్రబడి ఉంది.

"మీ నాయన మంచంల పడ్డప్పుడు డాక్టరు వస్తుండంటే నేనేం చేసిన? ఉన్నది ఉన్నట్టే పండుకోబెట్టిన్నా? లేపి, మొకం కడిగి, అంగీ మార్చి, గోడకు ఆనించి కూసోబెట్టలే? పండుగైనంక పెద్ద సారు వస్తున్నడు. ఈయన్ను జూసే గద కాలువ ఆపేది. గిట్ల వంగి, పడిపోయెటోని లెక్క ఉంటె ఎవరు మర్యాద ఇస్తరు? సిలువ అనుకున్నన్ని రోజులు నేను చెయ్యి పెట్టలే. మనిషని చెప్పింది ఆమెనే. మనిషైతే లేపాలె గద బిడ్డా."

నాయన చివరి ఏడాది ఒక పక్క పడిపోయి మంచంలో ఉన్నాడు. ఎవరు చూడ్డానికి వస్తున్నారన్నా, వాళ్ళు గడప తొక్కేలోపు అమ్మ ఆయన్ను లేపి తల దువ్వి కూర్చోబెట్టేది. వచ్చినవాళ్ళు పోయేదాకా వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టి నిలబడేది.

దేవ్లన్న ట్రాక్టరు మీద నుంచే అడిగాడు. "ఏం చేద్దం తమ్మీ? పెద్దమ్మ పొద్దుగాల్నుంచి మా ఇంటి ముందర కూసున్నది. నేను కాదన్లేకపోయిన." కాలువ వస్తే ఎక్కువ మేలు పొందేది ఆయన తోటే. అయినా డీజిల్ కూడా అడగకుండా వచ్చాడు.

"మెల్లగ, దేవ్లా," అంది అమ్మ. "మనిషిని లేపినట్టు లేపు."

గొలుసు బిగుసుకుంది. రాయి కదలదేమో అనుకున్నాను. కాని అది తడిసిన నేలలోంచి పాదం తీసినట్టు చిన్న చప్పుడు చేసి, మెల్లగా లేచింది. చేతులు రెండూ సమానంగా వచ్చాక దేవ్లన్న బండి ఆపాడు. ఎక్కడా పెచ్చు కూడా ఊడలేదు. గుంటలో నల్లగా, ఎర్రగా కుండపెంకులు కనబడ్డాయి, తెల్లటి పొడి లాంటిది ఏదో ఉంది. ఒకరు వాటిని పారతో ఎత్తి పారేయబోతే అమ్మ ఆపింది.

"పారెయ్యకు. ఆయనకు ఎవరో కూడు పెట్టిన కుండలవి. ఆయన కాళ్ళకాడనే వెయ్యి."

కంకరతో పాటు ఆ పెంకులూ వేసి సిమెంటు పోశారు. సాయంత్రానికి అది కొంచెం గట్టిపడ్డాక సున్నం కొట్టారు. బ్లెస్సీ బంతిపూల దండ తెచ్చి మెడకు వేసింది. మెడ అనే అంటున్నాను. ఇప్పుడు అది నిజంగా మనిషిలాగే ఉంది. అందరూ పాట ఎత్తుకున్నారు. నేనూ పాడాను. మర్నాడు చీకటి ఉండగానే కొవ్వొత్తులతో పోయినప్పుడు, ఆ వెలుగులో తెల్లగా, నిటారుగా, చేతులు చాచి ఆయన మా వాళ్ళందరి నడుమ నిలబడి ఉన్నాడు. అంత బాగున్న ఈస్టర్ మా ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు. ఆ మాట ఇప్పుడు కూడా అనగలను.

పండుగ అయిన వారానికి జీపు వచ్చింది. ప్రమీలారాణి మేడం, జుట్టు నెరిసిన ఆమె పై అధికారి, కాలువ ఇంజనీరు దిగారు. ఇంజనీరు దూరం నుంచే చూసి నవ్వారు. కాలువ వస్తుందని కొత్త సిలువ నాటారా, సిమెంటు ఇంకా పచ్చిగానే ఉన్నట్టుంది కదా అన్నారు. మేడం ఫోను తీసి పెద్ద సారుకు పాత ఫోటో చూపించారు. సారు ఫోటోనూ రాయినీ మార్చి మార్చి చూశారు. తరువాత మేడం రాయి మొదలు దగ్గర గొంతుకూర్చున్నారు. సిమెంటులోంచి ఒక పెంకు అంచు బయటికి ఉంది, లోపల నలుపు, బయట ఎరుపు. ఆమె దాన్ని వేలి కొసతో తడిమి, వేలు అక్కడే ఉంచారు.

అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని మజ్జిగ గ్లాసులతో వచ్చింది.

"గన్నేండ్లు వంగి ఉంటె మెడ నొయ్యదా సారూ," అంది. "నిలబెట్టినం. బాగుందా?"

సారు మజ్జిగ గ్లాసు తీసుకున్నారు. మేడం లేచి, చీరకు అంటిన సున్నం దులుపుకుంటూ, "బాగుందమ్మా," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆమె అమ్మ వైపు చూడలేదు.

నన్ను జీపు పక్కకు పిలిచి చెప్పింది ఆమే. రాయి చుట్టూ ఉన్న మట్టి, ఆ పెంకులు, వాటి కింద ఉన్న మనిషి, అన్నీ కలిస్తేనే అది స్థలం. అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒకసారి లేపిన రాయి మోసుకుపోగలిగే వస్తువు అవుతుంది. వస్తువుకు మ్యూజియం ఉంటుంది, కాలువ ఆపడానికి అది చాలదు. మిగిలిన రాతి గదుల్లో చాలావాటికి పైకప్పులు లేవు, వాటితో సారును ఒప్పించలేను అన్నారు. "అమ్మకు ఇప్పుడే చెప్పకండి," అని, జీపు ఎక్కబోతూ, "నేనే ఇంకొంచెం వివరంగా చెప్పి ఉండాల్సింది," అన్నారు.

నేను అమ్మకు చెప్పలేదు. అమ్మ అడగలేదు. పెద్ద సారు ఏమన్నాడని ఊరంతా అడిగింది, ఆమె తప్ప.

మే నెలలో క్రేను వచ్చింది. సిమెంటును డ్రిల్లుతో పగలగొడుతుంటే ఆ చప్పుడు మా వాకిట్లోకి వినబడేది. అమ్మ వాకిట్లో కూర్చుని మిర్చికి తొడిమలు తీస్తున్నది. గట్టు వైపు చూడలేదు. నేను అక్కడి నుంచి వచ్చాక ఒక్క మాట అడిగింది.

"గోనెసంచులు చుట్టిన్రా?"

"చుట్టిన్రమ్మా."

ఆ తరువాతి వారం సమాధులు మార్చుకున్నాం. అయ్యగారు ప్రార్థన చేశారు. నాయన దగ్గర దొరికింది తక్కువే. కొన్ని ఎముకలు, అంగీ గుండీలు. చిన్న చెక్కపెట్టెలో సర్ది, రోడ్డు పక్కన ఇచ్చిన కొత్త జాగాలో పెట్టాం. అక్కడ చెట్టు లేదు, గట్టు లేదు, బస్సులు పోతుంటే దుమ్ము లేస్తుంది. బ్లెస్సీ అత్తమ్మ కోసం పక్కన కొంచెం ఖాళీ వదిలించింది. కాని అమ్మ అక్కడ రాళ్ళు పేర్చుకోలేదు. ఇప్పటికీ పేర్చుకోలేదు.

వానలు పడ్డాయి. కాలువ తవ్వకం గట్టు దాటి తండా వైపు పోయింది. దేవ్లన్నకు ఈసారి మిర్చి బాగా పండింది. ఒక సంచి మా ఇంటి ముందు దించి, అమ్మ బయటికి రాకముందే ట్రాక్టరు తిప్పుకుని పోయాడు. అమ్మ ఆ మిర్చి ఎండబెట్టి, దంచి, సగం కారం ఆయన ఇంటికే పంపింది. ఆయన మీద ఆమెకు కోపం లేదు. కోపం ఎవరి మీదా లేదు. సాయంత్రం ప్రార్థనలో పేర్లు చెప్పేటప్పుడు మాత్రం నాయన పేరు దగ్గర ఆగిపోతుంది. పేరు తెలియని పెద్దాయన్ను తలుచుకోవడం మానేసింది.

ఆ రోజు మేడం ఆ నిజం చెప్పకుండా, మజ్జిగ తాగి, సిలువనే అమ్మా అని పోయి ఉంటే ఎట్లా ఉండేది? రాయి ఒరిగే ఉండేది, ఎవరూ చెయ్యి వేసేవాళ్ళు కారు. సారు వచ్చి చూసేవారు, కాలువ పక్కకు పోయేది. అట్లా అని నిజం చెప్పినవాళ్ళను ఏమనగలం? విని జాలిపడ్డ మనిషిని ఏమనగలం? ప్రార్థనలో కూడా నేను ఇది అడిగాను.

ఈ ఏడు శ్రమల దినాల్లో అమ్మ తనంతట తానే అంది, ఆయన్ను ఒకసారి చూసి వద్దామని. బేరం మానుకుని, ఆటోలో ఆమెనూ బ్లెస్సీనీ ఎక్కించుకుని జిల్లా పట్నంలోని మ్యూజియానికి తీసుకుపోయాను. రాయిని లోపలి ఆవరణలో, గడ్డి పరిచిన చోట పెట్టారు. సున్నం అంతా కడిగేశారు. ఇనుప దిమ్మె మీద, రెండు కమ్మీల ఆసరాతో ఒక పక్కకు ఒరిగి ఉంది.

"మళ్ళ వంచిన్రా?" అంది అమ్మ.

మేడం తీసిన ఫోటోలో ఎట్లా ఉందో అట్లాగే పెట్టారని చెప్పాను. ఒక జంట రాయి పక్కన నిలబడి, దానిలాగే చేతులు చాచి, తలలు వంచి ఫోటో తీసుకుంటున్నారు. నవ్వుతున్నారు. అమ్మ వాళ్ళ పని అయ్యేదాకా పక్కన ఆగింది. తరువాత నన్ను రాయి పక్కన పెట్టిన పలక చదవమంది. మనిషి ఆకారపు సమాధి రాయి, సుమారు మూడు వేల ఏళ్ళ నాటిది, రాళ్ళగుంపు గ్రామం నుంచి సేకరించినది అని చదివాను.

"పేరు?"

"లేదమ్మా."

"రాయిని తెచ్చిన్రు. ఆయన్నెందుకు తేలే?"

బ్లెస్సీ నా వైపు చూసింది. నేను పలక వైపు చూశాను. అప్పటికి గట్టు మీద ఆయన్ను పెట్టిన చోట కాలువ నీళ్ళు పారుతున్నాయి.

రాయి చెయ్యి మీద పిట్ట రెట్ట ఎండి ఉంది. అమ్మ కొంగు వేలికి చుట్టుకుని, తుడవడానికి ముందుకు వంగింది. నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న కాపలా అమ్మాయి, కసురుకోకుండానే, "ముట్టుకోవద్దమ్మా," అంది.

అమ్మ చెయ్యి అక్కడే ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అవ్ బిడ్డా," అంది. "మాకు ముందే చెప్పిన్రు."

చేతులు రెండూ కొంగులో దాచుకుని, రాయికి అడుగు దూరంలో నిలబడి, పోయినవాళ్ళ పేర్లు చెప్పుకోవడం మొదలుపెట్టింది.